రాణి రంగు ఎలుగుబంటి

ప్యారిస్‌లో నగల దుకాణాలకు పేరుపడ్డ ప్లాస్ వాందోమ్ అనే చోట 21వ నంబరు భవనం ఉంది. 1930ల్లో ఆ దారిన పోయేవాళ్లు అక్కడికి రాగానే ఓ నిమిషం ఆగేవారు. అద్దాల వెనక నిలువెత్తు ఎలుగుబంటి! బతికున్నది కాదులెండి, చర్మంలో పొట్టు కూరి నిలబెట్టింది. ఒళ్లంతా గాఢమైన గులాబీ... మన పట్టుచీరల భాషలో చెప్పాలంటే అచ్చం రాణి రంగు. పొట్టకి బీరువాకున్నట్టు సొరుగులు. ఆ రంగు వేయించి, సొరుగులు పెట్టించినవాడు చిత్రకారుడు సాల్వడార్ డాలీ. దాన్ని తన బట్టల కొట్టులో నిలబెట్టుకున్నావిడ ఎల్సా స్కియాపరెల్లీ.

ఇంత సరదా మనిషి ఏ గారాబాల ఇంట్లో పెరిగిందో అనుకుంటాం. పుట్టింది గొప్పింట్లోనే. గారాబమే లేదు.

1890 సెప్టెంబరు 10న రోము నగరంలో, కోర్సీని అనే రాజభవనంలో పుట్టింది ఎల్సా. తండ్రి అరబ్బీ పండితుడు. పెదనాన్న జియోవన్నీ అంగారకుడి మీద గీతలు కనిపెట్టి బొమ్మలు గీసిన ఖగోళ శాస్త్రవేత్త. ఇంటినిండా పుస్తకాలు. కానీ తల్లి మాత్రం పొద్దస్తమానం పెద్ద కూతురు ఎంత అందగత్తో, చిన్నది ఎంత అనాకారో చెబుతూ ఉండేదట. ఆ మాటలు విని విని, పూలు అందంగా ఉంటాయి కదా, అవి మొహం మీదే మొలిస్తే సరిపోతుంది కదా అనుకుంది ఆ పిల్ల. తోటమాలి దగ్గర విత్తనాలు తీసుకుని చెవుల్లో, ముక్కులో, నోట్లో కుక్కేసుకుంది. ఊపిరాడక డాక్టర్ని పిలవాల్సి వచ్చింది. పెద్దయ్యాక తన ఆత్మకథలో ఆవిడ దీన్ని నవ్వుతూ రాసుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. రంగు తక్కువనో, ముక్కు చట్టిదనో ఆడపిల్లల ముందే అనేసే ఇళ్లు మనకి తెలియనివా?

1911లో కవితలు అచ్చువేసుకుంది. అందులోని ప్రేమ కవితలు చూసి ఇంట్లోవాళ్లు హడలిపోయి స్విట్జర్లాండులో ఓ కాన్వెంటుకి పంపేశారు. అక్కడ అన్నం మానేసి కూర్చుంది. చేసేదిలేక తండ్రి వెనక్కి తీసుకొచ్చాడు. తర్వాత అనాథ పిల్లల్ని చూసుకునే పని దొరికిందని లండన్ బయల్దేరింది. దారిలో ప్యారిస్‌లో ఓ డాన్సు విందుకి పిలుపొచ్చింది. వేసుకోవడానికి గౌను లేదు. బజారుకెళ్లి ముదురు నీలం గుడ్డ కొని, కుట్టకుండా ఒంటికి చుట్టి గుండుసూదులు పెట్టేసింది. కాసేపు నాట్యం చేసేసరికి సూదులు ఒక్కోటీ ఊడటం మొదలైంది. చీర కట్టుకునే మనకి పిన్నీసుల సంగతి చెప్పాలా!

లండన్‌లో ఆధ్యాత్మిక విషయాల మీద ఉపన్యాసం వినడానికి వెళ్లి, ఆ ఉపన్యాసం ఇచ్చిన విలియం ద కెర్లోర్‌నే 1914లో పెళ్లి చేసుకుంది. పరిచయమైన మర్నాటికే నిశ్చయమైపోయిన పెళ్లి అది. జాతకాలు చెప్పి డబ్బు తీసుకుంటున్నాడని 1915లో ఇంగ్లండు ప్రభుత్వం అతన్ని దేశం నుంచి పంపించేసింది. 1916లో ఇద్దరూ న్యూయార్క్ చేరారు. 1920లో కూతురు పుట్టింది. ముద్దుపేరు గోగో. అసలు పేర్లలో ఒకటి ఏమిటో తెలుసా? రాధ! భర్త మాత్రం ఆ పసిబిడ్డతో సహా ఆవిణ్ణి వదిలేసి తన దారి చూసుకున్నాడు. ఏడాదిన్నర వయసులో పిల్లకి పోలియో. చేతిలో చదువుకి తగ్గ పని లేదు. కుట్టుపని రాదు. పిల్ల మీద హక్కంటూ తండ్రి ఎప్పుడైనా దిగుతాడేమోనని, కూతురి ఇంటిపేరును చట్టప్రకారం తన పుట్టింటి పేరుగా మార్పించింది. 1922లో ప్యారిస్ చేరింది.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. పెళ్లయి, పిల్లాడు బడికి వెళ్లడం మొదలయ్యాక నేను ఇంటీరియర్ డిజైన్ కోర్సులో చేరాను. ఆఖరి ఏడాది ప్రాజెక్టులకి చీటీలు వేశారు. ఒకరికి పెళ్లిమండపం, ఒకరికి పిల్లల ఆసుపత్రి. నాకొచ్చిన చీటీలో నైట్‌క్లబ్, సర్రియలిస్టు ధోరణిలో! సర్రియలిజం అంటే కలలో లాగా పొంతన లేనివాటిని పక్కపక్కన పెట్టడం. తెలుగులో అధివాస్తవికత అంటారు. శ్రీరంగం నారాయణబాబు కవితల గురించి డిగ్రీలో పాఠం విన్నాను కాబట్టి పేరైతే తెలుసు. నైట్‌క్లబ్బే తెలీదు. ఆడపిల్లకి ఇలాంటి ప్రాజెక్టు ఇస్తారా అని అమ్మ ఫోన్లో బాధపడింది. మా అత్తగారు మాత్రం, కల్యాణ మండపం అందరూ చేస్తారు, ఇది చేసి చూపించమన్నారు.

హైదరాబాదులో ఓ క్లబ్బుని పొద్దున పదకొండింటికి చూడనిచ్చారు. రాత్రి ఎలా మెరుస్తుందో తెలీదుగానీ, పగటి లైట్ల కింద అది నల్ల రంగు వేసిన గోడౌన్‌లా ఉంది. నేల తుడుస్తున్న ఆవిణ్ణి పలకరిస్తే చాలా విషయాలు చెప్పింది. సోఫాల గుడ్డకి పట్టిన వాసన ఎన్నిసార్లు కడిగినా పోదట. ఆడవాళ్ల బాత్రూము ముందు చీకటి కాబట్టి అక్కడికి వెళ్లేవాళ్లు జంటలుగానే వెళతారట. ఆ రెండు ముక్కలూ నా నోట్‌బుక్కులో మొదటి పేజీలో రాసుకున్నాను. ఇక సర్రియలిజాన్ని గోడల మధ్యకి ఎవరు తెచ్చారా అని వెతుకుతూ వెళితే ఎలుగుబంటి తగిలింది. దాని వెనక ఎల్సా కనిపించింది.

నల్ల స్వెట్టరు మీద తెల్ల బో

ప్యారిస్‌లో పాత వస్తువులు అమ్మేవాళ్ల దగ్గర చిన్నాచితకా పనులు చేస్తుండగా, పోల్ ప్వారే అనే ప్రసిద్ధ డిజైనర్ ఆవిడలో కళ ఉందని గుర్తించి ప్రోత్సహించాడు. 1927లో ఓ స్నేహితురాలి ఒంటిమీద వింత అల్లిక ఉన్న స్వెట్టరు కనిపించింది. అల్లినావిడ ఆర్మీనియా నుంచి వచ్చిన స్త్రీ. ఆవిణ్ణి వెతికి పట్టుకుని, నల్ల స్వెట్టరు మీద మెడ దగ్గర తెల్ల బో కట్టినట్టు కనిపించేలా అల్లమంది. నిజం బో కాదు, అల్లికలోనే బొమ్మ. మూడోసారికి కుదిరింది. అది వేసుకుని ఓ విందుకి వెళితే, అక్కడున్న అమెరికన్ దుకాణం తాలూకు మనిషి నలభై స్వెట్టర్లు, వాటికి జతగా నలభై స్కర్టులు అడిగాడు. గడువు రెండు వారాలు. ఆర్మీనియన్ స్త్రీలందరినీ పోగుచేసి అల్లించి ఇచ్చేసింది. అప్పటికి ఎల్సాకి 37వ ఏడు. క్లాసులో అందరికంటే పెద్దదాన్నని మొహమాటపడే నేను ఆ అంకెని రెండుసార్లు చదువుకున్నాను.

తర్వాత జోరు. 1931లో వింబుల్డన్‌లో లిలీ ద అల్వరెజ్ వేసుకున్న పాయల స్కర్టు ఈవిడ కుట్టించిందే. అప్పట్లో అదో పెద్ద గొడవ. 1934లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీదికెక్కింది. 1935లో కపుర్తలా రాకుమారి చీరకట్టు చూసి ముచ్చటపడి చీరల్లాంటి గౌన్లు తయారుచేసింది. ఆ రాకుమారి పేరు కూడా సీతాదేవే. మన పిఠాపురం ఆడపడుచు, బరోడా మహారాణి అయిన సీతాదేవితో చాలామంది పొరబడతారు. ఆవిడ వేరు, ఈవిడ వేరు.

అదే ఏడాది ప్లాస్ వాందోమ్‌లోని 98 గదుల భవనంలోకి మారింది. లోపలి అలంకరణ జీన్ మిషెల్ ఫ్రాంక్‌ది. అత్తరు గది చూడాలి! పక్షి పంజరంలాంటి పెద్ద బంగారు రంగు పంజరం కట్టించి, సీసాలు దాని లోపల పెట్టారు. కొనేవాళ్లు పంజరంలోకి నడిచివెళ్లాలి. జియకొమెట్టి అనే శిల్పి చేసిన దీపాలు మరోపక్క. 1937లో వచ్చిన షాకింగ్ అనే అత్తరు సీసా, హాలీవుడ్ నటి మే వెస్ట్ శరీరపు కొలతల బొమ్మని చూసి లెయొనార్ ఫీని అనే చిత్రకారిణి మలిచింది. ఆ రాణి రంగు డబ్బాలతో ఆ గులాబీకే షాకింగ్ పింక్ అని పేరొచ్చింది. బూటుని తలకిందులు చేసి టోపీ, రొయ్యల జాతి లాబ్‌స్టర్ బొమ్మ ఉన్న తెల్ల గౌను, ఎముకలు పైకి తేలినట్టున్న నల్ల గౌను... అన్నీ డాలీతో కలిసి 1937, 38ల్లో చేసినవే.

పనిగంటలు చూస్తే ఇవేవీ పిచ్చి సరదాలు కావు. వందలమంది కుట్టుపనివాళ్లకి నెల తిరిగేసరికి జీతాలివ్వాలి. గోగో కాళ్లకి ఆపరేషన్ మీద ఆపరేషన్. జనం అద్దాల ముందు ఆగితేనే లోపలికొస్తారు. ఎలుగుబంటి పని అది.

సొరుగులు ఎవరి ఒంటికి?

ప్రాజెక్టు గీస్తున్నప్పుడు నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి ఒకటుంది. సర్రియలిస్టు గది అంటే అందరికీ గుర్తొచ్చేది డాలీ ఎర్ర పెదవుల సోఫా. మే వెస్ట్ ముఖాన్నే గదిగా మార్చి ఆయన 1934-35ల్లో ఓ బొమ్మ గీశాడు. జుట్టు తెరలు, ముక్కు పొయ్యిగూడు, పెదవులు సోఫా. ఆ సోఫాని తర్వాత నిజంగానే చేయించారు. 1936లో ఆయనే వీనస్ విగ్రహానికి సొరుగులు పెట్టాడు. 1938లో ప్యారిస్ సర్రియలిస్టు ప్రదర్శనలో వరసగా ఆడ బొమ్మలు నిలబెట్టి తలో కళాకారుడు తలోరకంగా అలంకరించాడు. ఎటు చూసినా ఆడమనిషి ముక్కలుముక్కలుగా సామాను! అలాంటి చోటికి రాత్రిపూట ఒక అమ్మాయి వచ్చి ఆ పెదవుల మీద కూర్చోవాలా?

ఎల్సా కూడా సొరుగుల ఆలోచన తీసుకుంది. 1936లో. కానీ ఆవిడ చేతిలో అది కోటయింది. కోటు ముందు భాగమంతా బల్ల సొరుగుల్లాంటి జేబులు, వాటికి పిడులు. కొన్ని ఉత్తుత్తివి, కొన్ని మాత్రం నిజం జేబులు. వేసుకున్నావిడ తన వస్తువులు తనే దాచుకోవచ్చు, ఏది నిజం జేబో తనకి మాత్రమే తెలుసు. ఒకే ఊహ, ఒకే సంవత్సరం... ఎంత తేడా! దీన్ని కళా చరిత్ర పుస్తకాల్లో ఇంకా గట్టిగా చెప్పాలని నా అభిప్రాయం.

అందుకే నా డ్రాయింగుల్లో పెదవుల సోఫా లేదు. పంజరం ఉంది, సామాన్లు దాచుకునే కౌంటరుగా. గోడనిండా సొరుగులున్నాయి. అవి తాళంచెవులతో నిజంగా తెరుచుకుంటాయి, అమ్మాయిలు బ్యాగులు పెట్టుకుని చేతులూపుకుంటూ తిరగొచ్చు. వాసన పట్టని సీట్లు. బాత్రూము దారికి మిగతా అన్నిటికంటే ఎక్కువ వెలుగు. ముందు గోడలకి ఉత్తుత్తి తలుపులు కూడా వేద్దామనుకున్నాను, కలలో లాగా ఎటు తీసినా గోడే వచ్చేలా. కానీ బ్రెజిల్‌లో 2013లో కిస్ అనే నైట్‌క్లబ్బు తగలబడి 242 మంది చనిపోయిన సంగతి చదివాక ఆ కాగితం పక్కన పెట్టేశాను. బయటికి దారి ఒక్కటే. శబ్దం ఆపడానికి పైకప్పుకి అంటించిన ఫోమే విషపు పొగ కక్కింది. పొగలో దారి దొరక్క బాత్రూముల్లోకి పరిగెత్తి ఊపిరాడక పోయినవాళ్లు ఎందరో. తలుపు దగ్గర తమాషా పనికిరాదు. మాకు మార్కులు వేయడానికొచ్చిన ఆర్కిటెక్టు పెదవుల సోఫా ఏదని అడిగాడు. కోటు ఫోటో చూపించి పావుగంట మాట్లాడాను. మార్కులు ఫరవాలేదనిపించేంత వచ్చాయి.

యుద్ధం ఎల్సా వ్యాపారాన్ని విరిచేసింది. 1941లో న్యూయార్క్ వెళ్లి, అక్కడ బెల్వ్యూ ఆసుపత్రిలో నర్సులకి సాయం చేసే పని చేసింది. ప్యారిస్‌లో కొట్టు మూయలేదుగానీ ఆవిడ లేదు. 1945లో తిరిగొచ్చేసరికి ఆడవాళ్ల అవసరాలు మారాయి. 1947లో క్రిస్టియన్ డియోర్ సన్నని నడుము, వెడల్పాటి గౌన్లతో వచ్చి అందర్నీ తనవైపు తిప్పుకున్నాడు. ఎల్సా దగ్గర పనిచేసిన కుర్రాడు గివెన్షీ కూడా 1951లో వెళ్లిపోయి సొంత సంస్థ పెట్టుకున్నాడు. అప్పులు పెరిగాయి. 1954 డిసెంబరులో బట్టల విభాగానికి తాళం వేసేసింది. తన పాత పోటీదారు కొకో షనెల్ 70 ఏళ్ల వయసులో మళ్లీ కొట్టు తెరిచిందీ ఆ ఏడాదే. ఆ ఏడాదే ఎల్సా ఆత్మకథ వచ్చింది. అందులో తన గురించి కొన్నిచోట్ల నేను అనీ, కొన్నిచోట్ల ఎవరో పరాయి మనిషి గురించి చెబుతున్నట్టు ఆమె అనీ రాసుకుంది. ఓడిపోయి మూసేసిన ఏడాది కదా, ఆమె అని రాయడమే తేలికేమో.

1973 నవంబరు 13న ప్యారిస్‌లో కన్నుమూసింది. 2012లో ప్లాస్ వాందోమ్ 21వ నంబరులో ఆవిడ పేరు మళ్లీ వెలిగింది. 2022లో ప్యారిస్ అలంకరణ కళల మ్యూజియంలో ఆవిడ పనులతో పెద్ద ప్రదర్శన పెట్టారు. గోగో పెద్దదై, 1941లో పెళ్లి చేసుకుని ఇద్దరు కూతుళ్లని కంది. పెద్దది మరీసా బెరెన్సన్ సినిమా నటి, చిన్నది బెర్రీ ఫోటోగ్రాఫర్. పోలియో పిల్లని చంకనేసుకుని ఓడెక్కిన ఎల్సా, మనవరాళ్లిద్దరినీ చూసుకుంది.