ధార్వాడ హాస్టల్లో రమాయి



ఫిబ్రవరి 7 వచ్చిందంటే మన విహారాల్లో మాత రమాబాయి ఫొటోకి దండ వేస్తాం, త్యాగమూర్తి అంటాం, మిఠాయి పంచుకుని ఇళ్లకు పోతాం. ఆమె పోగొట్టుకున్న బిడ్డల పేర్లు చెప్పమంటే మనలో ఎంతమందిమి చెప్పగలం? గంగాధర్, రమేష్, ఇందు, రాజరత్న. ఈ నాలుగు పేర్లు మీ పిల్లలకి నేర్పండి.

రమాబాయి 1898లో రత్నగిరి జిల్లా వణంద్ గ్రామంలో పుట్టింది. తండ్రి దాభోళ్ రేవులో చేపల గంపలు మోసే కూలీ. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. బంధువులు ఆ పిల్లల్ని బొంబాయి తీసుకెళ్లి సాకారు. 1906లో భైఖళా మార్కెట్టులో భీమరావుతో పెళ్లయ్యేనాటికి ఆమెకి తొమ్మిదేళ్లు కూడా నిండలేదు. అనాథ పిల్ల మనసు ఎట్లా ఉంటుందో ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు.

భర్త అమెరికాలో, లండన్‌లో చదువుకుంటుంటే పరేల్ చాల్‌లో ఆమె పిడకలు చేసి సంసారం ఈడ్చింది. గంగాధర్ చనిపోయినప్పుడు కప్పడానికి కొత్తగుడ్డ కొనలేక తన చీర చించి ఇచ్చిందని మన పెద్దలు చెప్తారు. 1926 జూలైలో చివరివాడు రాజరత్న కూడా పోయాడు. మిగిలింది యశ్వంత్ ఒక్కడే. ఆ మరుసటి నెల బాబాసాహెబ్ మిత్రుడు దత్తోబా పవార్‌కి రాసిన ఉత్తరం చదివితే తెలుస్తుంది, ఆ ఇల్లు ఎంత కుంగిపోయిందో. అంతటి మనిషే తన దుఃఖాన్ని దాచుకోలేదు. బౌద్ధులైనవాళ్లు ఏడవకూడదని మనలో కొందరు అంటుంటారు. అది ధమ్మం కాదు. చచ్చిన బిడ్డను చంకనేసుకుని వచ్చిన కిసాగోతమిని భగవానుడు గద్దించలేదు. చావు ఎరగని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని పంపాడు. ఆమెకి ప్రతి గడపలోనూ తనలాంటివాళ్లే కనిపించారు.

రమాబాయికి అలాంటి గడప ధార్వాడలో దొరికింది. అక్కడ మన పిల్లల హాస్టల్ ఉండేది, వరాళే నడిపేవారు. ఆమె వెళ్లి ఉన్న రోజుల్లో ఒకసారి గ్రాంటు రాలేదు, పిల్లలు పస్తున్నారు. సంగతి తెలిసి ఆమె చేతి బంగారు గాజులు తీసి ఇచ్చేసి బియ్యం, పప్పు తెప్పించిందట. తానే వండి వడ్డించిందట. ఆ పిల్లలు ఆమెని రమాయి అన్నారు. ఆయి అంటే మరాఠీలో అమ్మ. నలుగురు బిడ్డలు పోయిన తల్లికి ఆ పిలుపు ఏమై ఉంటుందో మీరే ఊహించుకోండి.

మీ ఊరి బళ్లోనూ, హాస్టల్లోనూ అమ్మో నాన్నో పోయిన పిల్ల ఉండే ఉంటుంది. దినాలు అయ్యాక బడికొచ్చిన ఆ పిల్లని వెనక బెంచీలో కూర్చోబెట్టి పాఠం అప్పజెప్పమంటారు. కావాలని కాదు, పంతులుకి సంగతి తెలియదు. మీరు వెళ్లి చెప్పండి. బిడ్డని పోగొట్టుకున్న ఇంటివాళ్లుంటే వాళ్లనీ వెంట తీసుకెళ్లండి. సంవత్సరీకం భోజనాల ఖర్చు ఆ బిడ్డ పేరున హాస్టల్ పిల్లల పుస్తకాలకి ఇవ్వొచ్చు.

రమాబాయి 1935 మే 27న రాజగృహలో కన్నుమూసింది. ఆమె త్రిశరణం పుచ్చుకోలేదు, ఆ మాట దాచనక్కర్లేదు. మతం మారతానన్న యేవలా ప్రకటన అయిదు నెలలు కూడా తిరక్కముందే వచ్చింది.