పానా పట్టిన పెద్దాయన – జి.డి. నాయుడు గారు

వార్షికోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వాలని అనుకున్నప్పుడు పూర్వ విద్యార్థులమైన మేము కొంతసేపు ఆలోచించాం. అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి తమ్ముళ్లు ప్రతి ఏటా మాకంటే బాగానే రాస్తున్నారు. మేమేమో ఈ బుద్వేల్ హాస్టల్లో ఉండి చదువుకుని, ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు చేసి, ఆరాంఘర్ నుంచి శంషాబాద్ దాకా షెడ్లలో పని చేసుకుంటున్నవాళ్లం. అందుకని మా వృత్తిలో పెద్దవారైన గోపాలస్వామి దొరస్వామి నాయుడు గారిని ఎంచుకున్నాం. తమిళనాట జి.డి. నాయుడు అంటే తెలియనివారు అరుదు. తెలుగువారై ఉండి కూడా మన దగ్గర మాత్రం ఆయన పేరు తక్కువ మందికి తెలుసు.

నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో జన్మించారు. ఎప్పుడో తరాల కిందట అక్కడికి వెళ్లి స్థిరపడిన తెలుగు నాయుళ్ల కుటుంబం వారిది. (మన శంషాబాద్ విమానాశ్రయం నుంచి విమానాలు తిరగడం మొదలైంది కూడా మార్చి 23నే, 2008లో. ఈ రెండింటికీ సంబంధమేమీ లేదు గానీ తేదీ గుర్తుంచుకోవడానికి మనకు పనికొస్తుంది.) తల్లి చిన్నతనంలోనే కన్నుమూశారు. బడి ఆయనకు గిట్టలేదు. ప్రాథమిక తరగతులు దాటకుండానే మానేశారు. ఇది చదివి తమ్ముళ్లు సంతోషించనక్కరలేదు. ఆయన మానింది బడిని మాత్రమే, చదవడాన్ని కాదు. ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఆయన మనలా కూలి ఇళ్లలో పుట్టినవారు కారు. పొలం ఉన్న రైతు కుటుంబం. అయినా తనకు కావలసిన దానికోసం ఇంట్లో అడగకుండా ఎంగిలి బల్లలు తుడిచారు. మాకు ఆయన మీద గౌరవం కలిగింది అక్కడే.

ఆ కథ ఇది. ఒకనాడు వారి ఊరివైపు ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి మోటారు సైకిలు మీద వచ్చాడు. అది రడ్జ్ కంపెనీ బండి. ఎద్దుల బండ్లు తప్ప మరొకటి ఎరగని ఆ కుర్రవాడికి, లాగే జంతువు ఏదీ లేకుండా ఉరికే ఆ బండిని చూసి నిద్ర పట్టలేదు. కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వరుగా చేరారు. రూపాయి రూపాయి కూడబెట్టి, చివరికి 300 రూపాయలకు అదే బండిని కొన్నారు. కొన్న తరువాత ఊరేగలేదు. దాన్ని మొత్తం విప్పి, ఒక్కొక్క భాగం ఎందుకుందో చూసి, తిరిగి బిగించారు. ఆయనకు ఐటీఐ, పాలిటెక్నిక్ రెండూ ఆ బండే.

ఆ కాలపు చాలా మోటారు సైకిళ్లలో వెనుక చక్రాన్ని తిప్పేది గొలుసు కాదు, బెల్టు. అది బండి పక్కన బయటికే కనబడుతూ ఉండేది. సాగిందా, అంచు చిరిగిందా అనేది బండి దిగి ఒకసారి వంగి చూస్తే తెలిసిపోయేది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో నాయుడు గారు తిరుప్పూరులో పత్తి వ్యాపారం చేసి బాగా సంపాదించారు. ఆ సొమ్ముతో బొంబాయి వెళ్లి పెద్ద వ్యాపారులతో పోటీపడి అంతా పోగొట్టుకున్నారు. కోయంబత్తూరులో రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు వ్యాపారి దగ్గర కొలువులో చేరారు. ఈ కుర్రవాడి చేతిలో పనితనం ఉందని స్టేన్స్ కనిపెట్టాడు. ఆయన సాయంతోనే ఒక బస్సు వచ్చింది. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఆ బస్సు తిరగసాగింది. దాన్ని నడిపిందీ, బాగుచేసుకున్నదీ నాయుడు గారే. ప్రతిభ ఉంటే చాలు, ఎవరి చెయ్యీ అక్కరలేదని కొందరు పెద్దలు ఉపన్యాసాలిస్తుంటారు. మేము దానికి ఒప్పుకోం. అప్పు ఇచ్చిన చెయ్యి ఒకటి లేకపోతే ఆ బస్సు లేదు. ఈ హాస్టలు లేకపోతే మేము లేం.

ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. 1930ల నాటికి బస్సులు వందల్లోకి చేరి, దేశంలోనే చక్కగా నడిచే బస్సు సంస్థల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. అప్పట్లో విడిభాగం ఏది కావాలన్నా సీమ నుంచి ఓడలో రావాలి. దారిలో బస్సు ఆగిపోతే వారాల తరబడి షెడ్డులోనే. అందుకని నాయుడు గారు కొనుక్కోవడం కంటే చేసుకోవడం మొదలుపెట్టారు. రేడియేటర్లకు ఒక కార్ఖానా, ఆర్మేచర్ వైండింగుకు ఒకటి, గడియారాలకు ఒకటి. ఇన్ని బస్సులు వేళకు నడవాలంటే ఆగిన తరువాత బాగుచేసే పద్ధతి పనికిరాదు. ఆగక ముందే విప్పి చూడాలి.

ఈ మాట రాస్తుంటే మా షెడ్ల సంగతి చెప్పకుండా ఉండలేం. ఎందుకంటే విప్పకుండా నడిపేవారికి ఇప్పుడు పెద్ద పరీక్ష వచ్చింది. దాని పేరు నూనెలో తిరిగే టైమింగ్ బెల్టు. డ్రైవింగులో ఉన్న మన పూర్వ విద్యార్థులు సెకండ్ హ్యాండు కార్లు కొనేముందు మమ్మల్ని అడుగుతుంటారు కనుక కాస్త వివరంగానే రాస్తాం.

ఇంజను అడుగున క్రాంకు షాఫ్టు తిరుగుతుంది. పైన క్యామ్ షాఫ్టు వాల్వులను తెరుస్తూ మూస్తూ ఉంటుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాము ఒక చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెండింటినీ కలిపేదే పళ్లున్న టైమింగ్ బెల్టు. లెక్క తప్పితే చాలా ఇంజన్లలో పిస్టను వెళ్లి వాల్వును కొడుతుంది. మారుతి 800లో ఈ బెల్టు పొడిగా, కవరు వెనుక ఉండేది. దానికి నూనె తగలకూడదు. ఆయిల్ సీలు కారి బెల్టు తడిస్తే మార్చేయడమే. కొత్త చిన్న ఇంజన్లు కొన్నింటిలో దీన్ని తిరగేశారు. బెల్టును ఇంజను లోపలే, ఆయిల్లోనే తిప్పుతున్నారు. రాపిడి తగ్గి మైలేజీ పెరుగుతుంది, చప్పుడూ తక్కువ. 2012లో ఐరోపాలో వచ్చిన ఫోర్డు 1.0 లీటరు ఎకోబూస్టు ఇంజను ఇలాంటిదే. మూడు సిలిండర్లది. మన దగ్గర 2013లో ఎకోస్పోర్టు కారులో వచ్చింది. ప్యూజో, సిట్రోయెన్ కార్లలో పెట్టిన 1.2 లీటరు ప్యూర్‌టెక్ ఇంజనూ ఈ పద్ధతిలోనే చేశారు.

ఈ బెల్టు రబ్బరు నూనెను తట్టుకునేలా చేసిందే. కానీ ఏ నూనెనైనా కాదు. కంపెనీ చెప్పిన గ్రేడు, దాని కోడు నంబరు రెండూ కలిసిన నూనెనే తట్టుకుంటుంది. ఎకోబూస్టుకు 5డబ్ల్యూ-20 అని పుస్తకంలో ఉంటే, ధర తక్కువని చిక్కటి నూనె పోయడం బెల్టుకు విషం పోయడమే. నూనె మార్చడం ఆలస్యమైనా అంతే. ఇంకొకటి చాలామందికి తెలియదు. ఇంజను వేడెక్కకముందే ఆపేస్తూ రోజంతా చిన్నచిన్న దూరాలు తిరిగితే, కాలని పెట్రోలు సిలిండరు గోడల వెంట కారి నూనెలో కలుస్తుంది. ఆ పెట్రోలు రబ్బరును ఉబ్బిస్తుంది, పగులుస్తుంది. రాలిన నల్లటి తునకలు ఆయిల్ చాంబరులోకి దిగి పంపు నోటి దగ్గరి జల్లెడకు అడ్డం పడతాయి. అప్పుడు బెల్టు తెగకుండానే నూనె ఒత్తిడి పడిపోయి ఇంజను పట్టేస్తుంది. ప్యూర్‌టెక్ ఇంజన్లలో బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ పంపుకూ నూనె అందక పెడలు గట్టిపడిన సందర్భాలు వచ్చాయి. ఐరోపాలో ఆ కార్లను వెనక్కి పిలిపించి చూశారు. బెల్టు మార్చే గడువును కూడా 1,00,000 కిలోమీటర్లకు లేదా 6 ఏళ్లకు తగ్గించారు. ఫోర్డు 1.0 ఇంజనులో ఆయిల్ పంపును తిప్పేదీ ఒక బెల్టే. దాని టెన్షనరు లోపం కారణంగా 2023 చివరలో అమెరికాలో లక్షకు పైగా కార్లను రీకాల్ చేశారు.

మరి చూడడం ఎలా? ఇంజను ఆపి చల్లారనివ్వాలి. ముందు ఆయిల్ గేజి పుల్ల తీసి వాసన చూడాలి. పెట్రోలు వాసన కొట్టినా, పోసినదానికంటే నూనె మట్టం పెరిగినా అనుమానించాలి. ప్యూర్‌టెక్ ఇంజనులో నూనె పోసే మూత తీసి టార్చి వేస్తే బెల్టు వీపు కొంతమేర కనబడుతుంది. దాని మీద అడ్డంగా సన్నని పగుళ్లు, అంచున దారాలు లేవడం, నున్నగా మెరవడం, మెత్తగా ఉబ్బడం ఏది కనబడినా అది మార్చవలసిన బెల్టు. ఆ కనబడేది ఒక ముక్కే కనుక క్రాంకును పానాతో, అది మామూలుగా తిరిగే వైపుకే, మెల్లగా తిప్పుతూ చుట్టంతా చూడాలి. వెడల్పు కొలవడానికి గాడి ఉన్న గేజి ఒకటి ఉంటుంది. బెల్టు ఆ గాడిలో పట్టకపోతే ఉబ్బినట్టే. మూతలోంచి బెల్టు కనబడని ఇంజన్లలో నూనె మార్చినప్పుడల్లా పాత ఫిల్టరు కోసి మడతల్లో నల్ల తునకలున్నాయేమో చూడాలి. తునకలుంటే చాంబరు దించి జల్లెడ చూడవలసిందే. ఆయిల్ దీపం వెలిగాక ఇంటిదాకా పోదామనుకోవద్దు, అక్కడే ఆపండి. ఇంజను కడుగుతామని ఫ్లషింగు మందు పోసేవారినీ పోయనివ్వకండి. అది ఈ రబ్బరుకు పడదు.

బెల్టు మార్చడం చెట్టు కింద చేసే పని కాదు. ఎకోబూస్టు లాంటి ఇంజనులో క్రాంకు పుల్లీని బోల్టు బిగువే పట్టి ఉంచుతుంది. లాకింగు పనిముట్లు లేకుండా ఆ బోల్టు వదులు చేస్తే టైమింగు పోయినట్టే. పాత బోల్టు మళ్లీ వాడకూడదు. చాంబరు, జల్లెడ కడగకుండా కొత్త బెల్టు వేస్తే పాత తునకలు పంపు నోట్లోనే మిగిలిపోతాయి. ఐరోపా పుస్తకాల్లో ఎకోబూస్టు బెల్టుకు 2,40,000 కిలోమీటర్లు లేదా 10 ఏళ్లు అని రాసిన మాట నిజమే. అది సరైన నూనె సరైన వేళకు మార్చిన బండికి. సెకండ్ హ్యాండు బండికి ఆ చరిత్ర ఎవరు చెబుతారు? పైగా 2021లో ఫోర్డు మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కనుక, భాగాలు దొరుకుతాయో లేదో ముందే వాకబు చేసుకోవాలి. అప్పు చేసి కారు కొన్నవాడికి ఇంజను పోతే కారు ఒక్కటే పోదు, నెలనెలా కట్టే కిస్తీ మాత్రం ఆగదు. మన వాళ్లలో ఎక్కువమంది కొనేది అప్పు మీదే.

మళ్లీ నాయుడు గారి దగ్గరికి వద్దాం. 1930లలో ఆయన ఐరోపా తిరిగి వచ్చారు. చూసింది చూసినట్టు వదలకుండా, అదే మనం ఎందుకు చేయలేమని పట్టుబట్టారు. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి కోయంబత్తూరు పీలమేడు కార్ఖానాలో విద్యుత్ మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన మొదటి మోటారుగా దానికి పేరు. బ్యాటరీతో నడిచే గడ్డం గీసే యంత్రం, పలుచటి బ్లేడు, పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, ఓట్లు నమోదు చేసే యంత్రం, ఇలా చెబుతూ పోతే ఈ సంచిక చాలదు. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు చేసి, 2,000 రూపాయలకే ఇవ్వగలనన్నారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. చిన్న కారు సామాన్యుడి ఇంటికి రావడానికి ఆ తరువాత మూడు దశాబ్దాలు పట్టింది. 1983 డిసెంబరులో గానీ మారుతి 800 రాలేదు. పన్నుల విధానానికి నిరసనగా ఆయన తాను చేసిన వస్తువులను జనం ముందు పగలగొట్టించిన సందర్భమూ ఉంది. ఆయన కోపం మాకు అర్థమవుతుంది గానీ, చేతితో చేసిన వస్తువును పగలగొట్టడం మాత్రం మా మనసుకు రుచించదు.

1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాల రావడానికి ఆయనే కారకులు. ప్రిన్సిపాలుగానూ ఉన్నారు. ప్రాథమిక బడి దాటని మనిషి ఇంజనీరింగ్ కళాశాలకు ప్రిన్సిపాలు! ఏళ్ల తరబడి సాగే కోర్సులు కాలం వృథా అని ఆయన వాదన. చేతికి పని ఇచ్చి తక్కువ కాలంలో నేర్పాలనేవారు. ఆ వాదన నెగ్గలేదు, ఆయన తప్పుకున్నారు. ఆ కళాశాలే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. ఈ విషయంలో మా నలుగురిలోనే రెండు పక్షాలున్నాయి. పని షెడ్డులోనే వచ్చిందని ఇద్దరం, ఐటీఐలో డ్రాయింగు నేర్వకపోతే మాన్యువల్లో బొమ్మ చదవడం వచ్చేదే కాదని ఇద్దరం.

నాయుడు గారు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన యంత్రాలను ప్రదర్శనగా ఉంచారు. ఆయన కుటుంబం వారు సేకరించిన పాత కార్లతో 2015లో జీడీ కార్ మ్యూజియం కూడా తెరిచారు. 2025 అక్టోబరులో ఆ రోడ్డు మీదే సుమారు 10 కిలోమీటర్ల ఫ్లైఓవరుకు ఆయన పేరు పెట్టారు. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్స్‌ప్రెస్ కోయంబత్తూరు మీదుగానే పోతుంది. శబరిమల మాల వేసుకుని వెళ్లే మన వాళ్లు తిరుగు ప్రయాణంలో ఒక పూట దిగి చూసి రావచ్చు.