పాత ఆర్గన్ల పక్షాన నిలిచిన ష్వైట్జర్

చందర్లపాడు చుట్టుపక్కల కొత్త మందిరం కట్టామంటే కొత్త కీబోర్డు కొంటాం. పాత హార్మోనియం మూలన పడుతుంది. దాని తిత్తి చినిగితే బాగుచేసేవాడు దొరకడం కష్టమే, ఒప్పుకుంటాను.

ఆల్బర్ట్ ష్వైట్జర్‌గారు 1875లో ఆల్సేస్‌లో పాస్టరుగారింట పుట్టారు. తొమ్మిదేళ్లకే ఆరాధనలో ఆర్గన్ వాయించారు. ఆ కాలపు సంఘాలు పాత గొట్టపు ఆర్గన్లు విప్పేసి, ఫ్యాక్టరీలో చేసిన పెద్దవి పెట్టుకునేవి. మోత పెరిగింది, స్వరాల స్పష్టత పోయింది. 1906లో ఆయన దీనిపై చిన్న పుస్తకమే రాశారు. పాతవాటిని బాగుచేసుకోమని సంఘపెద్దలకు, అధికారులకు వందల ఉత్తరాలు రాశారు. స్ట్రాస్‌బర్గ్ సెయింట్ థామస్ చర్చిలో సిల్బర్‌మన్ చేసిన 1741 నాటి ఆర్గన్ ఆయన పట్టుదలవల్లే దక్కింది.

1913లో వైద్యుడై, భార్య హెలెన్‌గారితో ఆఫ్రికాలోని లాంబరేనే చేరారు. ఇక సంగీతం వదులుకోవలసిందే అనుకున్నారు. అయితే పారిస్ బాఖ్ సొసైటీవారు ఆర్గన్‌లా కాలిమెట్లున్న పియానో ఒకటి ఇచ్చారు. దాన్ని జింకు రేకు వేసిన పెట్టెలో పెట్టి పంపారు. నదిమీద పెద్ద దోనెలో అది ఆసుపత్రికి చేరింది. పగలు రోగులు, రాత్రి బాఖ్. తర్వాత యూరప్‌లో చేసిన ఆర్గన్ కచేరీలు ఆ ఆసుపత్రికి డబ్బు తెచ్చాయి. 1965 సెప్టెంబరు 4న లాంబరేనేలోనే కన్నుమూశారు.