షోయబుల్లాఖాన్: 27 ఏళ్లకే ప్రాణమిచ్చిన సంపాదకుడు



ఈ మధ్య ఒక ఉగ్రదాడి వార్త టీవీలో వచ్చిన మర్నాడు, మా ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి దాడి చేసినవాళ్ల మతం పేరెత్తి ఒక మాట అన్నాడు. కోపంతో అన్నది కాదు, ఎక్కడో విన్నదే మళ్లీ అన్నాడు. మూడో బెంచీలో ఒక పాప తల దించుకుంది. ఆ రోజు ఇంగ్లిష్ గ్రామర్ పక్కన పెట్టి, పిల్లలకు ఒక మనిషి జీవితం గురించి చెప్పాను. ఇంటికెళ్లి మీకూ చెప్పమన్నాను. హోంవర్కుల హడావుడిలో మర్చిపోయి ఉంటారేమో, అందుకే ఈ నెల నేనే రాస్తున్నాను.

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది కానీ, మన చేవెళ్ల, మొయినాబాద్‌లకు ఆ రోజు రాలేదు. ఇవన్నీ నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానంలో ఉండేవి. మన జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ కొండా వెంకట రంగారెడ్డి గారు పుట్టిన పెద్దమంగళారం మన మొయినాబాద్ మండలంలోదే. ఆయనలాంటి ఎందరో సంస్థానంలో ప్రజల హక్కుల కోసం పనిచేసిన కాలం అది. అదే కాలంలో హైదరాబాద్ నగరంలో కలం పట్టిన యువకుడు షోయబుల్లాఖాన్.

ఆయన 1920 అక్టోబరు 17న ఖమ్మం ప్రాంతంలోని సుబ్రవేడులో పుట్టారు. తండ్రి హబీబుల్లాఖాన్ రైల్వే పోలీసు ఉద్యోగి. మహబూబాబాద్ స్టేషన్ మీదుగా రైల్లో వెళ్తున్న గాంధీజీని చూసిన తండ్రి, కొడుకులో ఆ పోలికలు ఉన్నాయని మురిసిపోయి, షోయబుల్లా గాంధీ అని ముద్దుగా పిలిచేవారని చెబుతారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివిన కుర్రాడికి ఆ రోజుల్లో సర్కారు కొలువు దొరకడం కష్టం కాదు. ఆయన మాత్రం పత్రికలో పని ఎంచుకున్నారు.

మొదట తేజ్ అనే ఉర్దూ పత్రికలో రాశారు. తర్వాత మందుముల నరసింగరావు గారు నడిపిన రయ్యత్ పత్రికలో చేరారు. రయ్యత్ అంటే రైతు. జనం బాధలు రాసిన ఆ పత్రికను నిజాం ప్రభుత్వం మూయించింది. అంతటితో ఆగిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ 1947 నవంబరులో బూర్గుల రామకృష్ణారావు గారి వంటి పెద్దల సాయంతో ఆయన సొంతంగా ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రిక మొదలుపెట్టారు.

అప్పటికి ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్లు ఊళ్ల మీద పడి దోపిడీలు, హత్యలు చేస్తున్నారు. సంస్థానం భారతదేశంలో కలవకూడదన్నది వారి పట్టుదల. కలవాలని, రజాకార్ల దౌర్జన్యం ఆగాలని షోయబుల్లాఖాన్ రాశారు. బెదిరింపులు వచ్చినా రాయడం మానలేదు.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు, సంస్థానం భారత యూనియన్‌లో చేరడమే మంచిదంటూ ఒక ప్రకటన ఇచ్చారు. ఇమ్రోజ్ దాన్ని ప్రచురించింది. కొద్ది రోజులకే రజ్వీ ఒక సభలో, తమకు వ్యతిరేకంగా లేచే చేతులు తెగిపడతాయని హెచ్చరించాడు. ఆగస్టు 21 రాత్రి పొద్దుపోయాక షోయబుల్లాఖాన్ పని ముగించుకుని, బావమరిదితో కలిసి కాచిగూడలోని ఆఫీసు నుంచి ఇంటికి బయల్దేరారు. దారి కాచిన దుండగులు ఆయన్ను కాల్చారు. రాసే చేతిని నరికారు. బావమరిదినీ తీవ్రంగా గాయపరిచారు. ఆగస్టు 22 తెల్లవారకముందే ఆయన ప్రాణం పోయింది. అప్పటికి ఆయనకు ఇంకా 28 నిండలేదు. సరిగ్గా 26 రోజుల తర్వాత, సెప్టెంబరు 17న, హైదరాబాద్ సంస్థానం భారతదేశం చేతికి వచ్చింది. ఆయన కోరుకున్న రోజు వచ్చింది, చూడటానికి ఆయన లేరు.

నాకిప్పుడు 28. ఆయనకంటే పెద్దదాన్ని. ఈ లెక్క వేసుకున్నప్పుడల్లా మనసు బరువెక్కుతుంది.

క్లాసులో నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. చంపినవాళ్లు ఏ మతం పేరు చెప్పుకున్నారో, చనిపోయిన మనిషిదీ అదే మతం. ఆ ప్రకటన మీద సంతకాలు పెట్టిన ఏడుగురిదీ అదే మతం. ప్రాణభయం ఉందని తెలిసీ వాళ్లు మాట్లాడారు. ఇంకో నిజం కూడా చెప్పాను. సెప్టెంబరు 17 తర్వాత కొన్ని జిల్లాల్లో, రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం కుటుంబాలు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నాయి. నేరం చేసినవాణ్ణి వదిలి వాడి మతాన్ని చూస్తే, శిక్ష ఏ పాపం ఎరుగని ఇంటి మీద పడుతుంది.

చివర్లో బోర్డు మీద ఇమ్రోజ్ అని రాసి, అర్థం ఎవరికైనా తెలుసా అని అడిగాను. క్లాసంతా నిశ్శబ్దం. అప్పుడు మూడో బెంచీలోని ఆ పాప చెయ్యి ఎత్తింది. ఈ రోజు అని అర్థం చెప్పింది. మొదట మాట అన్న అబ్బాయే ఆ పదాన్ని ఎలా పలకాలో ఆమెను అడిగి నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

మీతో ఒక చిన్న మనవి. టీవీలో అలాంటి వార్త వచ్చినప్పుడు పిల్లలు మన ముఖాల వైపు చూస్తారు. మనం ఏమంటామో వింటారు. మర్నాడు ఆ మాటే బ్యాగులో పెట్టుకుని స్కూలుకు వస్తారు. ఆ క్షణంలో ఒక్క నిమిషం ఆగి, మాట చూసుకుని అనండి. ఆగస్టు 22న రాత్రి భోజనాల దగ్గర ఈ మనిషి పేరు ఒకసారి తలుచుకోండి. పిల్లలు ప్రశ్నలు అడిగితే విసుక్కోకండి. మీకు తెలియనివి ఉంటే వాళ్లతో మా దగ్గరికి పంపండి, క్లాసులో కలిసి వెతుకుతాం.