త్రాసు చెప్పిన సత్యం

మంచు కరిగి నీరవుతుంది. నీరు మరిగి ఆవిరవుతుంది. రూపం మారినా పదార్థం మారదు. ఇది భౌతిక మార్పు. కట్టె కాలినప్పుడు మాత్రం మునుపటి కట్టె మిగలదు. కొత్త పదార్థాలు ఏర్పడతాయి. ఇది రసాయనిక మార్పు. ఈ మార్పులలో పదార్థం నశిస్తుందా, నిలిచి ఉంటుందా అనే ప్రశ్నకు త్రాసుతో సమాధానం చెప్పిన మహాశాస్త్రవేత్త ఆంటోని లెవోయిజర్.

ఆయన 1743 ఆగస్టు 26న ఫ్రాన్సు రాజధాని పారిస్‌లో జన్మించాడు. తండ్రి న్యాయవాది. ఐదేళ్ల ప్రాయంలోనే తల్లిని కోల్పోయాడు. న్యాయశాస్త్ర పట్టా పొందినా ఆయన మనస్సు విజ్ఞానశాస్త్రం మీదనే లగ్నమైంది. 1768లో ఫ్రెంచి విజ్ఞానశాస్త్ర అకాడమీ సభ్యుడయ్యాడు. అదే సంవత్సరం, రాజుకు చెందవలసిన పన్నులను గుత్తకు వసూలు చేసే సంస్థలో వాటా కొన్నాడు. ఆ రాబడితోనే సున్నితమైన త్రాసులను చేయించుకున్నాడు. ఆ వాటాయే చివరకు ఆయన పాలిట మృత్యువైంది.

నీటిని చాలాకాలం కాస్తే మట్టిగా మారుతుందని ఆనాడు పలువురు నమ్మేవారు. పాత్రలో మిగిలే మడ్డిని అందుకు సాక్ష్యంగా చూపేవారు. లెవోయిజర్ మూసిన గాజుపాత్రలో నీటిని 101 రోజులు కాచి తూచాడు. మొత్తం బరువు మారలేదు. పాత్ర బరువు మాత్రం తగ్గింది. ఆ మడ్డి గాజు నుండి వచ్చినదేనని తేలింది.

వస్తువు మండినప్పుడు దానిలోని ఫ్లాజిస్టన్ అనే పదార్థం వెలుపలికి పోతుందని నాటి శాస్త్రజ్ఞుల విశ్వాసం. కాని గంధకం, భాస్వరం మండితే బరువు పెరుగుతున్నదని 1772లో లెవోయిజర్ గుర్తించాడు. ఉన్నది పోతే బరువు పెరగడం ఎలా సాధ్యం? 1774లో ఇంగ్లండుకు చెందిన జోసెఫ్ ప్రీస్ట్లీ పాదరసపు ఎర్ర భస్మం నుండి ఒక వాయువును రాబట్టి, ఆ సంగతి లెవోయిజర్‌కు స్వయంగా తెలిపాడు. స్వీడన్‌లో షీలే అంతకుముందే దానిని కనుగొన్నాడు. వారి కృషిని తగినంతగా స్మరించకపోవడం లెవోయిజర్ కీర్తికి ఒక మచ్చ. అయినా ఆ వాయువు ప్రాముఖ్యాన్ని గ్రహించినవాడు ఆయనే. పాదరసాన్ని పరిమితమైన గాలిలో 12 రోజులు వేడిచేశాడు. ఎర్ర భస్మం ఏర్పడింది, గాలి తగ్గింది. ఆ భస్మాన్ని మరింత వేడిచేయగా, తగ్గిన గాలి తిరిగి వచ్చింది. మండడమంటే గాలిలోని ఒక భాగంతో కలవడమేనని నిరూపించి, ఆ భాగానికి ఆక్సిజన్ అని పేరు పెట్టాడు.

భార్య మేరీ ఆన్ ఆయనకు నిజమైన సహచరి. ఆమె ఇంగ్లీషు నేర్చుకొని శాస్త్రగ్రంథాలను భర్త కోసం అనువదించింది. పరికరాల చిత్రాలు గీసింది. 1789లో వెలువడిన ఆయన రసాయనశాస్త్ర గ్రంథం ద్రవ్యనిత్యత్వ నియమాన్ని స్పష్టం చేసింది. రసాయనిక చర్యకు ముందూ తరువాతా మొత్తం ద్రవ్యరాశి సమానమే అన్నది ఆ నియమం.

అదే ఏడాది ఫ్రెంచి విప్లవం చెలరేగింది. ఉప్పు మీద, పొగాకు మీద పన్నులు పిండిన గుత్తేదారులంటే ప్రజలకు తీరని కోపం. 1794 మే 8న లెవోయిజర్‌కు మరణశిక్ష విధించి, ఆనాడే గిలెటిన్ కింద శిరచ్ఛేదం చేశారు. అప్పటికి ఆయన వయస్సు యాభై ఏళ్లు. ఆయన మామగారికీ అదే గతి పట్టింది. తండ్రినీ భర్తనూ ఒకే రోజు కోల్పోయిన మేరీ ఆన్ దుఃఖాన్ని దిగమింగి, భర్త పరిశోధన వ్యాసాలను అచ్చువేయించి లోకానికి అందించింది.

నేడు రసాయన సమీకరణం రాసే ప్రతి విద్యార్థీ రెండు వైపులా పరమాణువుల లెక్క సరిచూస్తాడు. ఆ అలవాటు నేర్పినది లెవోయిజర్ త్రాసే.