జాబితాకెక్కని ఆస్తి



మీ ఇంట్లో ఉన్న వస్తువులన్నిటినీ ఒక్కొక్కటిగా కాగితం మీద రాసి ఇమ్మని ఎవరైనా అడిగితే మీకెలా ఉంటుంది? మంచాలు, బీరువా, వంటపాత్రలు, పుస్తకాలు, చివరకు పిల్లల బట్టలు కూడా! 1800వ సంవత్సరం చివర న్యూయార్కు నగరంలో ఒక ఇల్లాలికి ఆ అవస్థ పట్టింది. భర్త వ్యాపారం దివాలా తీసింది. అప్పులవారికి చూపడానికి ఇంటి సామాను జాబితా కావలసివచ్చింది. ఆ ఇల్లాలే జనవరి 4న మన తల్లి శ్రీసభ స్మరించే పునీత ఎలిజబెత్ ఆన్ సీటన్.

ఆమె 1774 ఆగస్టు 28న జన్మించింది. తండ్రి రిచర్డ్ బేలీ పేరున్న వైద్యుడు. మూడేళ్ళు నిండకముందే తల్లి పోయింది. 1794లో, పందొమ్మిదేళ్ళ వయసులో, విలియం సీటన్‌తో వివాహమైంది. సీటన్లు ఓడల మీద సరుకులు నడిపే ధనికులు. ఎపిస్కోపల్ సభకు చెందినవారు. ఐదుగురు బిడ్డలు పుట్టారు. భార్యాభర్తలది అన్యోన్యమైన కాపురం. 1797లో కొందరు స్త్రీలు చిన్నపిల్లలున్న బీద వితంతువుల కోసం ఒక సంఘం స్థాపిస్తే, దానికి ఎలిజబెత్ కోశాధికారిణి అయింది. వితంతువులకు పంచే సొమ్ముకు లెక్కలు రాసిన ఆ చెయ్యే ఆరేళ్ళు తిరిగేసరికి ఒక వితంతువు చెయ్యి అయింది.

1798లో మామగారు మరణించారు. ఆయన చిన్నపిల్లల బాధ్యత కూడా ఎలిజబెత్ మీద పడింది. యుద్ధాల వల్ల, ఓడల నష్టాల వల్ల వ్యాపారం కుంగిపోయింది. పగలు పిల్లలు, రాత్రిళ్ళు భర్త పక్కన కూర్చుని చిట్టా పుస్తకాలు. అయినా నిలబడలేదు. మరుసటి ఏడు, వలస వచ్చిన రోగులకు సేవ చేస్తూ తండ్రి జ్వరంతో కన్నుమూశాడు. భర్తకు క్షయ ముదిరింది.

గాలి మార్పు కోసం 1803లో ఇటలీకి ఓడెక్కారు. నలుగురు పిల్లలను బంధువుల దగ్గర విడిచి, ఎనిమిదేళ్ళ పెద్దకూతురు ఆన్నాను మాత్రం వెంట తీసుకువెళ్ళారు. న్యూయార్కులో పచ్చజ్వరం ఉందన్న కారణంగా లివోర్నో రేవులో వారిని ఊళ్ళోకి రానివ్వలేదు. చలిగాలి కొట్టే ఒక రాతికట్టడంలో దాదాపు నెల రోజులు ఉంచారు. రక్తం కక్కుతున్న భర్త, చలికి వణికే బిడ్డ. విడుదలైన కొద్దిరోజులకే, డిసెంబరు 27న, పీసా నగరంలో విలియం మరణించాడు. ఎలిజబెత్‌కు అప్పటికి ఇరవైతొమ్మిదేళ్ళు.

ఇక్కడ ఫిలిక్కి సోదరుల గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఫిలిప్పో, ఆంటోనియో అనే ఈ అన్నదమ్ములు లివోర్నోలో వర్తకులు. విలియం యౌవనంలో వీరి దగ్గరే వ్యాపారం నేర్చుకున్నాడు. పరిచయం లెక్కల పుస్తకాల ద్వారా మొదలైందే. కాని లెక్కల్లో మిగిలేది లేనప్పుడు వారు వెనక్కి తగ్గలేదు. ఆ తల్లీబిడ్డలను తమ ఇళ్ళలో పెట్టుకుని సొంత చెల్లెలిలా చూసుకున్నారు. మతం గురించి మాటలు జరిగాయి, పుస్తకాలు కూడా ఇచ్చారు. అయితే ఆమె మనసును కదిలించింది వాదన కాదని నాకనిపిస్తుంది. ఆ ఇంటివారు దివ్యబలిపూజకు వెళ్ళడం ఆమె చూసింది. తపస్సుకాలంలో ఆంటోనియో భార్య అమబిలియా ఉపవాసం చూసింది. ఒకరోజు దివ్యసత్ప్రసాదాన్ని వీధి వెంట తీసుకువెళుతుంటే, తనకు తెలియకుండానే మోకరించింది. తల్లి లేక పెరిగిన ఆమెకు మరియమాత తల్లిగా తోచింది.

తిరుగు ప్రయాణంలో ఆంటోనియో తన భార్యాబిడ్డలను విడిచి, ఆమెకు తోడుగా న్యూయార్కు దాకా వచ్చాడు.

ఏడాదిపాటు మనసులో పోరాడి, 1805 మార్చి 14న ఎలిజబెత్ కతోలిక శ్రీసభలో చేరింది. ఆ ఊరి కతోలికులు ఎక్కువమంది వలస వచ్చిన బీద ఐరిష్‌వారు. గొప్ప ఇంటి కోడలు వారి నడుమ మోకరించడం బంధుమిత్రులకు నామోషీ అయింది. పలువురు ముఖం చాటేశారు. బతుకుదెరువుకు బడి పెట్టబోతే, మతం నేర్పుతుందని పిల్లలను పంపడానికి జంకారు. మరుసటి ఏడు చిన్న ఆడబిడ్డ సెసీలియా కూడా కతోలికురాలు కావడంతో కోపం ఇంకా పెరిగింది. విశ్వసిస్తే ఇంట్లో సిరులు పొంగుతాయని మనలో కొందరు ఆశ పెడుతుంటారు. ఎలిజబెత్ ఇంట్లో ఉన్నవి కూడా పోయాయి మరి!

పోనివి ఏవంటే, ఆంటోనియో ఏటా పంపే సొమ్ము, బిషప్ జాన్ కారల్ గారి ఆదరణ, ఆ చిన్నారి సెసీలియా ప్రేమ. గురువులు దుబూర్గ్ గారి పిలుపు మీద 1808లో బాల్టిమోరు వెళ్ళి బడి ప్రారంభించింది. 1809లో ఎమిట్స్‌బర్గ్ అనే పల్లెలో కన్యాస్త్రీల సమాజం మొదలైంది. తన బిడ్డలను కూడా అక్కడే పెంచుకుంది. సెసీలియా, ఆమె అక్క హారియెట్ వెంట వచ్చారు. 1810 ఫిబ్రవరిలో బీద బాలికలకు ఉచిత పాఠశాల తెరిస్తే, మొదటిరోజు వచ్చినవారు ముగ్గురే.

కష్టాలు మాత్రం ఆగలేదు. హారియెట్, సెసీలియా ఏడాది తిరగకుండానే పోయారు. లివోర్నోలో తన పక్కనే చలికి వణికిన ఆన్నా 1812లో, పద్నాలుగేళ్ళ రెబెక్కా 1816లో మరణించారు. కొడుకులిద్దరినీ ఒకరి తరువాత ఒకరిని ఆంటోనియో తన కొట్లో పనికి పెట్టుకున్నాడు. ఇద్దరూ అక్కడ రాణించలేదు. పునీతురాలి కొడుకులైనా కొడుకులే కదా. వారి గురించిన దిగులు ఆ తల్లిని చివరిదాకా వదలలేదు.

1821 జనవరి 4న, నలభైఆరేళ్ళ వయసులో, ఎమిట్స్‌బర్గ్‌లో ఆమె కన్నుమూసింది. 1975 సెప్టెంబరు 14న ఆరవ పౌలు పోపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల గడ్డ మీద పుట్టిన మొదటి పునీతురాలు ఆమెయే.

మరణశయ్య దగ్గర ఉన్న బిడ్డ కేథరిన్ ఒక్కతే. సామాను జాబితా రాసిన ఏడాదే పుట్టిన పిల్ల. ఆమె తరువాత న్యూయార్కులో కరుణా సోదరీల మఠంలో చేరి, చెరసాలల్లోని ఖైదీలను దర్శిస్తూ 1891 వరకు జీవించింది.