గండిపేటలో ఖాళీ చోటు

ఆదివారం గండిపేట కట్ట మీద సెల్ఫీ దిగని బ్యాచ్ మన కాలేజీలో ఉండదు. నేనూ బోలెడు దిగాను. ఊరికి మంచినీళ్ల కోసమే దాన్ని కట్టారనుకునేవాణ్ణి చాన్నాళ్లు.

నేను ఇంటర్‌లో ఉండగా, 2020 అక్టోబరు వానలకి హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. మూసీ ఒడ్డున ఉండే మా పిన్నివాళ్లు సామాను వదిలేసి రాత్రికి రాత్రి మా ఇంటికొచ్చేశారు. ఆ జంట చెరువుల వెనకున్న మనిషి గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ప్రతి సెప్టెంబరు 15న సెమినార్ హాల్లో రైలు కథ, కొవ్వొత్తుల కథ వింటాం కదా, ఆయనే. ఇంటిపేరు మన గిద్దలూరు వైపు ఊరిది, పుట్టింది మాత్రం కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో. చిన్నప్పుడే తండ్రి పోయారు. ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగళూరులో బీఏ, తర్వాత పుణెలో ఇంజనీరింగు. 1884లో బొంబాయి ప్రభుత్వంలో ఉద్యోగం. పుణె దగ్గర ఖడక్‌వాస్లా డ్యామ్‌కి ఆయన పెట్టించిన గేట్లు, నీళ్లు ఒక మట్టం దాటగానే వాటంతటవే తెరుచుకునేవి, వరద తగ్గగానే మూసుకునేవి. కట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీళ్లు నిలిచాయి. మోటార్లు, సెన్సర్లు లేని 1903 నాటి మాట ఇది!

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచేసింది. వేలమంది పోయారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టెక్కినవాళ్లు బతికారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. నిజాం ప్రభుత్వం పిలిస్తే, అప్పటికే బొంబాయి కొలువు వదిలేసిన విశ్వేశ్వరయ్య 1909లో వచ్చారు. ఊళ్లో గోడలు కట్టమని చెప్పి ఊరుకోలేదు, నది వెంట పైకెళ్లారు. ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగిన సంగతి లెక్కతీశారు. వరదను ఊరి బయటే పట్టి, మెల్లగా వదలడానికి మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టమన్నారు. నివేదిక ఇచ్చేసి ఆ ఏడాదే మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్లిపోయారు. అక్కడ కృష్ణరాజసాగరం, దివాన్‌గిరీ, 1955లో భారతరత్న, ఇదంతా మీకు తెలిసిందే. 1962లో పోయారు.

ఇక్కడ ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఊరు వాటి నీళ్లే తాగి పెరిగింది. చిక్కల్లా ఇక్కడే. తాగునీటికైతే చెరువు నిండుగా ఉండాలి, వరదను ఆపాలంటే లోపల చోటుండాలి. మన పరీక్షల్లో కెపాసిటీ ఎంతో అడుగుతారు, ఎంత ఖాళీ ఉంచాలో అడగరు. నాకైతే ఆయన హైదరాబాదుకిచ్చిన అసలు డిజైన్ ఆ ఖాళీయే అనిపిస్తుంది.

మొన్న వానలకి మళ్లీ గండిపేట వెళ్లాం. నీళ్లు అంచుదాకా ఉన్నాయి. ఫొటో అదిరిపోతుందని మావాళ్లంతా కట్టెక్కారు. నేను పక్కకెళ్లి పిన్నికి ఫోన్ చేశాను.